మోరీ పక్కన ఇసుక కుప్పలు

సింధు నాగరికత నగరం మొహెంజొదారో గురించి ఎవరు చెప్పినా మహాస్నానవాటికతోనే మొదలుపెడతారు. సుమారు పన్నెండు మీటర్ల పొడవు, ఏడు మీటర్ల వెడల్పు, నీరు ఇంకిపోకుండా తారు పూత. కట్టినవారికి దండం పెట్టాల్సిందే. అయితే నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేరి, కాలువల పూడిక కొలుస్తూనే రిటైరైన నన్ను పట్టుకున్న సంగతి వేరే ఉంది. అక్కడ తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే, మురుగు కాలువల పక్కన చాలాచోట్ల చిన్నచిన్న కుప్పలు దొరికాయని రాశాడు. ఎక్కువగా ఇసుక. కాలువ శుభ్రం చేశాక తీసిన మట్టిని ప్రతిసారీ ఎత్తుకుపోలేదని ఆయన తేల్చాడు.

చదివి నవ్వుకున్నాను. నల్లగొండలో మా వీధి మోరీ సంగతీ ఇంతే. వానలకు ముందు మనుషులు వచ్చి, పారలతో బురద తీసి గట్టున పోస్తారు. ట్రాక్టరు రేపు వస్తుందంటారు. దానికంటే ముందే వాన వస్తుంది. నాలుగు వేల ఏళ్ళ కిందట కూడా ఎడ్లబండి వేళకు రాలేదన్నమాట!

కానీ కుప్ప ఉందంటే తీసిన మనిషి ఉన్నాడు. తీయడానికి వీలుగా కట్టిన మనిషి అంతకుముందే ఉన్నాడు. అక్కడ ఇంటి మురుగు నేరుగా వీధి కాలువలో పడదు. ముందు ఒక గుంటలో పడుతుంది, చెత్త అడుగున నిలుస్తుంది, పైనీరు మాత్రం బయటికి పోతుంది. పొడవైన కాలువలకు మధ్యమధ్యలో ఇలాంటి గుంటలే మళ్ళీ ఉన్నాయి. పైకప్పు ఇటుకలను బిగించకుండా వదులుగా పేర్చారు. కొన్నిచోట్ల సున్నపురాతి పలకలు వేశారు, అవీ ఎత్తి పక్కన పెట్టగలిగినవే. కాలువ కట్టిననాడే దాన్ని తెరవాల్సిన రోజు గురించి ఆలోచించారు. నా ఉద్యోగంలో నేను చూసిన అంచనాల్లో కట్టడానికి పేజీలకు పేజీలు ఉండేవి, నిర్వహణకు అడుగున ఒక వరుస ఉండేది.

మా బావమరిదికి ఇవేవీ పట్టవు. "అదంతా సరే బావా, రాజు ఎవరు?" అంటాడు. 1921లో దయారాం సాహ్ని హరప్పాలో, ఆ మరుసటి ఏడాది రాఖాల్‌దాస్ బెనర్జీ మొహెంజొదారోలో పనిచేశారు. 1924లో పురావస్తు శాఖ అధిపతి జాన్ మార్షల్ ఈ పాత నాగరికత బయటపడిందని లోకానికి చాటాడు. అప్పటినుంచి వందేళ్ళుగా వెతుకుతున్నా ఫలానా రాజుదని చెప్పదగ్గ కోటగానీ సమాధిగానీ తేలలేదు. నాకు రాజుకంటే ఇన్‌స్పెక్టర్ మీదే ఆసక్తి. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్ళలో ఇటుక కొలత ఒకటే: మందం ఒక వంతైతే వెడల్పు రెండు, పొడవు నాలుగు. ఇళ్ళకు వాడినవి 7, 14, 28 సెంటీమీటర్లు. మా దగ్గర ఒకే బట్టీ నుంచి వచ్చిన రెండు లోడ్లు కలవవు. కొలత కుదరని లోడును తిప్పి పంపగలిగినవాడు ఎవరో అక్కడ ఉండి ఉండాలి. తూకపు రాళ్ళూ అంతే, చిన్నవి ఒకదానికొకటి రెట్టింపు చేసుకుంటూ పోతాయి, ఎక్కువగా దొరికింది సుమారు 13.6 గ్రాముల రాయి. బావులకు ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉండే ఇటుకలు వాడారు. అలా గుండ్రంగా పేర్చినది మట్టి ఒత్తిడికి లోపలికి కూలదు. పందొమ్మిదో శతాబ్దంలో లాహోర్-ముల్తాన్ రైలు మార్గానికి కంకర కావాలని హరప్పా ఇటుకలు బండ్లకొద్దీ పెరుక్కుపోయారు. అంత పాత ఇటుక రైలు బరువు మోసిందంటే దాన్ని కాల్చినవాడి పనితనం గురించి వేరే సర్టిఫికెట్ అక్కర్లేదు.

మొహెంజొదారో పాకిస్తాన్‌లో ఉంది, అక్కడిదాకా వెళ్ళే వీలు మనకు లేదు కాబట్టి, మా ఆవిడతో కలిసి గుజరాత్ కచ్‌లో ఉన్న అదే నాగరికత నగరం ధోలావీరాకు వెళ్ళాను. ఇది నది ఒడ్డు ఊరు కాదు. రణ్ ఉప్పు నేల మధ్య ఉంది, నల్లగొండలో పడే వానలో సగం కూడా అక్కడ పడదు. ఊరికి రెండు పక్కల రెండు వానాకాలపు వాగులు, వాటికి అడ్డంగా కట్టలు, అక్కడినుంచి మళ్ళించిన నీటికి ఊరి చుట్టూ జలాశయాలు. నేల తూర్పు నుంచి పడమటికి పదమూడు మీటర్ల వాలు ఉంది. ఆ వాలునే వాడుకుని ఒకదాని తర్వాత ఒకటి తవ్వారు. మన గొలుసుకట్టు చెరువులు తెలిసినవాళ్ళకు ఎవరూ వివరించనక్కర్లేదు. తూర్పు వైపు జలాశయం 73 మీటర్ల పొడవు, పది మీటర్లకు పైగా లోతు. గైడు లోతు గురించి గొప్పగా చెబుతుంటే మా ఆవిడ మెట్లవైపు చూస్తూ, "ఏమండీ, వాగు నీళ్ళంటే బురదే కదా, ఇంత లోతునుంచి పూడిక ఎలా మోసేవాళ్ళో?" అంది. ఆమెది మహబూబ్‌నగర్ జిల్లా. మట్టి పనికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల ఊరు. గైడు దగ్గర జవాబు లేదు. నీళ్ళు తగ్గేకొద్దీ బిందెతో దిగడానికి ఆ మెట్లు ఎంత అవసరమో, తట్టతో ఎక్కడానికీ అంతే అవసరమని నా అంచనా.

నాగార్జునసాగర్ నీటి నిల్వ మొదట్లో 408 టీఎంసీలు. తర్వాత సర్వే చేస్తే 312కి వచ్చింది. మిగతాది ఒండ్రు తినేసింది. ఆ లోతున తట్టలతో తీసేదేమీ లేదు. చెరువుల విషయం నయం. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని నల్లటి పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నారు. నేను చూసిన ప్రభుత్వ పనుల్లో, తీసిన మట్టి గట్టున మిగలకుండా పోయిన పని అదొక్కటే.

ఇక ఆ నగరాలు ఎలా పోయాయన్నది. ఆర్యులు దండెత్తి ఊచకోత కోశారని పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ అన్నాడు. ఆయన చూపిన అస్థిపంజరాలు ఒకే రోజు చచ్చినవాళ్ళవి కావని 1964లో జార్జ్ డేల్స్ తేల్చాక ఆ కథ నిలబడలేదు. సుమారు 4,200 ఏళ్ళ కిందట రుతుపవనాలు బలహీనపడ్డాయన్నదానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. నాకు మాత్రం మొహెంజొదారో పైపొరలే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తాయి. పెద్ద ఇళ్ళకు అడ్డుగోడలు లేచాయి. కొత్త గోడలు వీధిలోకి జరిగాయి. కుండల బట్టీలు ఊరి మధ్యకు వచ్చాయి. మురుగు కాలువలను పట్టించుకునేవాళ్ళు తగ్గారు. తనిఖీకి వెళ్ళి ఇవన్నీ చూస్తే నేను నోటీసు రాసేవాడిని, దాన్ని ఎవరూ చదవరని తెలిసి కూడా. క్రీస్తుపూర్వం 1900 తర్వాత జనం తూర్పుకు, గుజరాత్ పల్లెలకు చెదిరిపోయారు. గింజలు, పశువులు, కుండలు చేసే నేర్పు వెంట తీసుకువెళ్ళారు. ముద్రలు, లిపి, ఒకే తూకపు రాళ్ళు మాత్రం వాడుకలోంచి పోయాయి. లోడు తిప్పి పంపేవాడికి ఆ పల్లెల్లో ఉద్యోగం లేదు.