ఆ ఎండుపుల్ల దగ్గరే

"ఉరకకు బిడ్డా, అది మళ్ల ఆడికే వస్తది" అన్నాడు గేదెలు తోలుకొచ్చిన పెద్దాయన. నిజంగానే వచ్చింది ఆ ఎర్ర తూనీగ. అదే ఎండుపుల్ల, అదే కొస!

హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు గట్టు. అందరి లెన్సులూ పిట్టల వైపే. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు మరి, పిట్టలకేం తక్కువ. నేను మాత్రం కెమెరాతో గడ్డిలో బోర్లా పడుకుని ఆ తూనీగ ముందు.

కంటికి ఫోకస్ దొరికితే తోక పోతుంది, తోక దొరికితే కన్ను పోతుంది. అంత దగ్గరగా వెళ్తే స్పష్టంగా పడేది కొన్ని మిల్లీమీటర్లే. లెన్సులో వెలుతురొచ్చే కంతని ఎఫ్ 11 దాకా చిన్నది చేసినా పెద్దగా ఒరిగేదేం లేదు. మెల్లగా పక్కకి జరిగి, దాని ఒళ్ళంతా లెన్సుకి అడ్డంగా వచ్చేలా చూసుకున్నాక పని జరిగింది. ఫోకస్ రింగు ముట్టుకోలేదు, నేనే ఒక్క వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ ఊగుతూ బటన్ నొక్కి పట్టుకున్నా.

ఇంటికొచ్చి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే, ఛాతీ కింద ఆవగింజ కన్నా చిన్న ఎర్రటి గుండ్రాలు. నీటి నల్లులట! తూనీగని పట్టుకుని దాని ఒంట్లో రసం పీల్చుకుంటూ బతుకుతాయి. అక్కడ ఉన్నంతసేపూ నా కంటికి అవి ఆనితే ఒట్టు.

కొత్త లెన్సు కొనాలన్న దురద కాస్త తగ్గింది. ఈ నెలకి.

ఆదివారం మళ్ళీ వెళ్తున్నా, ఎవరైనా వస్తారా? పాత గోనెసంచి ఒకటి తెచ్చుకోండి, గట్టంతా బురద. పేడ సంగతి చెప్పనే అక్కర్లేదు.