జపానోడి బాంబు కోసం వెళ్తే మేక కథ దొరికింది

మాది కాకినాడ. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీదా మా ఊరి మీదా ఒకేరోజు బాంబులేశాయని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నా, కానీ ఆ పూట సముద్రంలో సరుకు ఓడలు ఏమయ్యాయో మా ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు. ఆ పిచ్చి పట్టుకుని రెండేళ్లుగా చదువుతూ, చివరికి మొన్న వైజాగ్ బస్సెక్కాను. ఏసీ టికెట్ కొన్నాను గానీ అన్నవరం దాటేసరికి ఏసీ పోయింది, తుని నుంచి చెమటలే. కాంప్లెక్స్‌లో దిగి ఓల్డ్ టౌన్ అంటే ఆటో అబ్బాయి 250 అన్నాడు, మా ఊళ్లో ఆ డబ్బుతో ఊరు రెండుసార్లు చుట్టేయొచ్చు.

ముందు బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియంకెళ్లా. అప్పుడు పడి పేలకుండా మిగిలిన బాంబు అక్కడుంది. నా ముందున్న ఫ్యామిలీ వంతులవారీగా దాని పక్కన సెల్ఫీలు దిగారు, నేనూ ఒకటి దిగాననుకోండి. కానీ ఊరి మీద పడ్డ బాంబుకి మ్యూజియంలో చోటుంది, ఓడలకి ఏముంది చెప్పండి? ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు డార్డనస్ అనే ఓడని కదల్లేకుండా చేస్తే, గంధారా అనే ఇంకో సరుకు ఓడ దానికి తాడు కట్టి లాక్కెళ్తోంది, వదిలేసి పోతే తనైనా బతికేదేమో, ఈలోగా జపాన్ క్రూయిజర్లు, అంటే పెద్ద యుద్ధనౌకలు, వచ్చి రెండిటినీ ముంచేశాయి. ఆ నాలుగైదు రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా ఓడలు పోయాయి. వైజాగ్‌లోనే బాంబు తగిలిన ఆంగ్లో కెనడియన్ అనే ఓడ ఎలాగో బతికి బయటపడితే, జూన్‌లో అట్లాంటిక్‌లో జర్మన్ సబ్‌మెరైన్ చేతిలో పోయింది, దాని జాతకం అలా ఉంది.

పోర్టు కనబడుతుందని రాస్ హిల్ ఎక్కుదామనుకున్నా, ఎండకి కింద సోడా బండి దగ్గరే ఆగిపోయా. అక్కడో తాత కూర్చునున్నాడు, ఎనభై ఉంటాయి. ఎందుకొచ్చానో చెప్తే నవ్వాడు.

"మా అయ్య పోర్టులో కలాసీ బాబూ. ఇమానాలొచ్చిన్నాడు ఊరు ఊరంతా కాళీ అయిపోనాదంట. మాయమ్మ కొత్త కోడలు, బిందె వదిలేసింది, సీరలొదిలేసింది, మేకనొక్కదాన్నీ ఎత్తుకుని సింహాచలం దాకా నడిసింది. అత్త తిట్టిందట, మొగుడు పోర్టులో ఉంటే నీకు మేక కావాల్సొచ్చిందేటే అని."

అయ్య ఏమయ్యాడు తాతా అంటే, "మూడోనాడు వచ్చేడు. వొళ్లంతా బొగ్గు. ముందు మేకనే సూశాడంట" అని మళ్లీ నవ్వు. ఆ నవ్వు చూస్తే మా అమ్మమ్మే గుర్తొచ్చింది, ఆవిడ కూడా ఏ కష్టం చెప్పినా మధ్యలో ఎవరో ఒకరు తిట్టించుకున్న సంగతి తెచ్చేది.

మరి మునిగిన ఓడల గురించి అయ్య ఏమైనా చెప్పేవాడా అని అడిగా. "ఓడలు దొరలయి బాబూ" అన్నాడు. కాసేపాగి సోడా గోళీ గలగలలాడిస్తూ, "కింద బొగ్గేసినోలు మాత్రం మనోల్లే" అన్నాడు.

నిజమే. గంధారా లాంటి బ్రిటిష్ కంపెనీ ఓడల్లో పనివాళ్లు ఎక్కువమంది లస్కర్లే, అంటే మన దేశపు ఓడ పనివాళ్లే. యుద్ధంలో పోయిన వేలమంది మన నావికుల పేర్లు ముంబైలో మెమోరియల్ రాతి మీద చెక్కలేదు, ఒక పుస్తకంలో రాసిపెట్టారు, దాని కోసం కూడా వెళ్లాలి ఎప్పుడో.

సోడా డబ్బులిస్తే తాత ఒప్పుకోలేదు, తనే ఇచ్చాడు. కొండ ఎక్కలేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ దూరంగా లంగరేసిన ఓడలు లెక్కపెట్టా, తొమ్మిదో పదో వచ్చాయి. తిరుగు బస్సు తుని దాటాక గుర్తొచ్చింది, ఆ మేక తర్వాత ఏమైందో అడగనే లేదు.