ధ్రువాల మంచు మీద సెమినార్‌కి కోనసీమలో ఎలా సిద్ధమయ్యాను

ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాదిలో మాకు సెమినార్ తప్పనిసరి. క్లాసులో దాదాపు అందరూ వనామీ రొయ్యలు, వాటికొచ్చే తెల్లమచ్చల వైరస్, పీతల పెంపకం తీసుకున్నారు. కోనసీమలో పుట్టి పెరిగినవాళ్ళం, అది సహజమే. నేను మాత్రం సముద్రపు మంచు లోపల బతికే సూక్ష్మజీవుల గురించి చెబుతానన్నాను. మా మేడమ్ కాదనలేదు గానీ ఒక షరతు పెట్టారు. "స్లైడ్లు చదివేసి కూర్చోవద్దమ్మా. అక్కడి ఉప్పు సంగతి ఇక్కడి పిల్లలకు కళ్ళకు కట్టాలి." రొయ్యల ట్రేల్లో వేసే ఐసు తప్ప మంచు ఎరగని ఊళ్ళో ఇదెలా చెయ్యాలో తోచక కొన్నాళ్ళు బాగా టెన్షన్ పడ్డాను.

ముందు చదవడం మొదలుపెట్టాను. మామూలు సముద్రపు నీటిలో కిలోకి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. ఆ నీరు సున్నా దగ్గర కాదు, సుమారు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. కట్టేటప్పుడు ఉప్పును తనలో ఇముడ్చుకోదు, బయటికి నెట్టేస్తుంది. అందులో చాలా భాగం కింది సముద్రంలోకి జారిపోతుంది. మిగిలింది మంచు పలకల మధ్య సన్నటి సందుల్లో చిక్కటి ఉప్పునీరుగా నిలిచిపోతుంది. డయాటమ్‌లు అనే కంటికి ఆనని నాచు కణాలు, బ్యాక్టీరియా, ఇంకా ఎన్నో ఏకకణ జీవులు ఉండేది ఆ సందుల్లోనే. చలి పెరిగేకొద్దీ ఆ నీళ్ళలోంచి మరికొంత మంచు కడుతుంది, మిగిలినవి ఇంకా చిక్కబడతాయి. మైనస్ 6 దగ్గర 100 పీపీటీ (అంటే కిలోకి 100 గ్రాముల ఉప్పు), మైనస్ 10 దగ్గర 145, మైనస్ 20 దాటితే 200 పైమాటే. మా వైపు ఎండాకాలంలో రొయ్యల చెరువు సెలినిటీ, అంటే ఉప్పదనం, 40 దాటితేనే రైతుకు నిద్రపట్టదు.

అంకెలు చెప్పడం తేలికే. మైనస్ పదిలో కూడా నీళ్ళు నీళ్ళుగానే ఉంటాయని చూపించడమెలా? దారి ఐసు ఫ్యాక్టరీలో దొరికింది. అక్కడ పనిచేసే ఆపరేటర్ నాన్నకు స్నేహితుడు, నేను బాబాయ్ అంటాను. ఆయన చెక్క మూతలు ఎత్తి చూపించారు. కింద పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్ళు, వాటిలో మంచినీళ్ళు పోసిన ఇనప క్యాన్లు వరసగా దించి ఉన్నాయి. థర్మామీటరు మైనస్ 10 చూపిస్తోంది. క్యాన్లలో నీళ్ళు గడ్డకట్టేశాయి. చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళు మాత్రం మోటారు తిప్పుతుంటే చక్కగా పారుతున్నాయి.

"ఇవి గడ్డకట్టవా బాబాయ్?"

"ఉప్పు తగ్గితే కట్టేత్తాయమ్మా. అప్పుడు పైపుల చుట్టూ ఐసు పట్టేసి పనంతా ఆగిపోద్ది. అందుకే బస్తాలు వేస్తానే ఉంటాం."

చెరువుల దగ్గర ఉప్పు కొలవడానికి వాడే రిఫ్రాక్టోమీటరు పట్టుకెళ్ళాను. అద్దం మీద ఒక చుక్క వేసి కన్ను ఆనించాను. మామూలుగా పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసిన చోట అంకె కనిపిస్తుంది. ఆ మీటరు 100 పీపీటీ దాకానే కొలుస్తుంది. ఆ రోజు నీలం అనేదే లేదు, మొత్తం తెలుపే. మంచు సందుల్లో డయాటమ్ చుట్టూ ఉండే నీళ్ళకు కూడా మన మీటరు చాలదని ఆ క్షణంలో నాకు బాగా ఎక్కింది. కాకపోతే తొట్టిలో ఉప్పు మనుషులు కలిపింది, సముద్రపు మంచులో చలే ఉప్పును కూడబెడుతుంది. క్యాన్లోంచి తీసిన దిమ్మ అంచుల్లో తేటగా, నడుమ తెల్లగా ఉంది. దిమ్మ చుట్టూరా నుంచి లోపలికి గట్టిపడుతూ నీటిలోని గాలిని, లవణాలను నడుముకు తోసేస్తుంది. ఆ తెలుపు అదే.

ఇంటి దగ్గర రెండో పని. ఓడలరేవు బీచి నుంచి తెచ్చిన నీళ్ళను రొయ్యపిల్లలు వచ్చే థర్మకోల్ పెట్టెలో పోసి, మూత లేకుండా డీప్ ఫ్రీజర్లో పెట్టాను. పక్కల నుంచి చలి తగలదు కాబట్టి సముద్రంలో మాదిరే పైనుంచి కిందికి గడ్డకట్టింది. సగం కట్టాక తీసి చూస్తే అడుగు భాగం మెత్తగా, సన్నటి నిలువు పలకలుగా ఉంది. మీద స్వీట్లలో వేసే ఎర్రరంగు చుక్కలు వేస్తే పలకల మధ్య నుంచి నిలువుగా కిందికి దిగాయి. మంచినీళ్ళ ఐసు మీద అదే రంగు పక్కకు జారిపోయింది. మంచులో ద్రవం సుమారు 5 శాతం దాటితేనే ఈ దారులు ఒకదానితో ఒకటి కలుస్తాయని 1998లో శాస్త్రవేత్తలు చెప్పారు. అంతకన్నా తగ్గితే లోపలున్న జీవి బందీయే. కొత్త పోషకాలు రావు, పైగా ఉప్పు, ఆక్సిజన్ రెండూ పెరుగుతాయి.

మరి బతకడం ఎలా? ఇక్కడే నేను ఎక్కువ రోజులు కూర్చున్నాను. బయట ఉప్పు పెరిగితే కణంలోని నీళ్ళు బయటికి పోతాయి, డిగ్రీలో చదివిన ద్రవాభిసరణే. ఉప్పునే లోపలికి రానిచ్చి సరిపెట్టుకుందామంటే ప్రోటీన్లు పాడవుతాయి. అందుకని మంచు డయాటమ్‌లు ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాన్ని, గ్లైసిన్ బీటైన్‌ను, గంధకం ఉన్న డీఎమ్‌ఎస్‌పీని తమలో పోగేసుకుంటాయి. ఇవి ఎంత చేరినా ప్రోటీన్ల జోలికి పోవు. బయటి గాఢతకు లోపలి గాఢత సరితూగితే నీళ్ళు ఎటూ పోవు. ఉప్పుతో గొడవ పడకుండా దానికి సరిసమానంగా నిలబడడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

చలికి వేరే ఏర్పాట్లున్నాయి. కొబ్బరి నూనె చలికాలంలో సీసాలో పేరుకుపోతుంది, దానిలో ఉన్నవి ఎక్కువగా సంతృప్త కొవ్వులు. డయాటమ్ పొరల్లో అసంతృప్త కొవ్వులు ఎక్కువ, అందుకే ఆ పొర అంత చలిలోనూ బిగుసుకుపోదు. ఫ్రాజిలారియోప్సిస్ సిలిండ్రస్ అనే డయాటమ్ మంచు స్ఫటికాలను పట్టుకుని పెరగనివ్వని ప్రోటీన్లు తయారుచేస్తుంది, దాని జన్యుపటం 2017లో వచ్చింది. మెలోసిరా ఆర్క్టికా వదిలే జిగురు మంచు రంధ్రాల ఆకారాన్నే మార్చి, లోపల ఉప్పునీళ్ళు ఎక్కువ నిలిచేలా చేస్తుందని 2011లో తేలింది. తన ఇంటిని తానే మలుచుకునే కణం అది!

సెమినార్ రోజు ఆ ఉప్పు ఐసు ముక్కను జల్లెడలో పెట్టి కింద గిన్నె ఉంచాను. నేను మాట్లాడుతుండగా అది కారుతూనే ఉంది. మొదట పడ్డ నీళ్ళకు మీటరు స్కేలు చాల్లేదు. గిన్నెలు మార్చి చూస్తుంటే అంకె దిగుతూ వచ్చింది. ఆఖరి గిన్నె నీళ్ళు రుచి చూస్తే దాదాపు చప్పగా ఉన్నాయి. ఒకే ముక్కలోంచి అంత తేడా రావడం చూసి వెనక బెంచీల వాళ్ళు కూడా లేచి ముందుకొచ్చారు.

అప్పుడు ఆక్వా సైడు నుంచి వచ్చిన సార్ ఒకరు అడిగారు. "రొయ్యపిల్లను తక్కువ ఉప్పుకి అలవాటు చెయ్యడానికి చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలుపుతూ గంటలు గంటలు కూర్చుంటాం. వసంతంలో మంచు కరిగితే డయాటమ్‌కి ఆ టైము ఎవరిస్తారమ్మా?"

నేను కోరుకున్న ప్రశ్న అది. నా దృష్టిలో ఉప్పు పెరగడం కన్నా తగ్గడమే అసలు పరీక్ష. లోపల అంత ప్రోలిన్ నింపుకున్న కణం ఉన్నట్టుండి చప్పటి నీళ్ళలో పడితే, నీళ్ళు లోపలికి తోసుకొచ్చి అది ఉబ్బి పగిలిపోవచ్చు. తట్టుకోవాలంటే కూడబెట్టిందంతా వదిలెయ్యాలి, లేదా లోపలే విరగ్గొట్టుకోవాలి. వదిలింది వృథా కాదు, బ్యాక్టీరియాకు తిండి. డీఎమ్‌ఎస్‌పీలో కొంత విరిగి డీఎమ్‌ఎస్ అనే వాయువుగా గాలిలో కలుస్తుంది. సముద్రపు గాలి వాసనలో దాని పాలు ఉంది, మేఘాలు కట్టడానికి కావలసిన నలుసులు కూడా కొంతవరకు దాన్నుంచే పుడతాయి. సార్ తలూపి, "మరి మన కోరంగి మడ అడవుల పాయల్లో డయాటమ్‌లు ఏం చేస్తాయి?" అన్నారు.

ఆ ప్రశ్నే నా ప్రాజెక్టు అయింది. ఎండాకాలంలో గోదావరి తగ్గి పాయల్లోకి ఉప్పు ఎక్కుతుంది, వరదకు ఎర్రనీళ్ళు వచ్చి కడిగేస్తాయి. రెండు కాలాల్లోనూ కణాల్లో ప్రోలిన్ ఎంతుందో, దానితో కలిసి రంగునిచ్చే నిన్‌హైడ్రిన్ పద్ధతిలో కొలవాలని మేడమ్, నేను అనుకున్నాం. మే నెల శాంపిల్స్ తీసేశాను, వరద నీళ్ళవి ఆగస్టులో తీస్తాను.