రెండు రోజుల కొత్త లైన్

టంగ్‌స్టన్ స్పెక్ట్రమ్‌లో, అంటే దాని వెలుగుని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీస్తే వచ్చే పట్టీలో, ఇంతవరకు ఎవరికీ కనబడని లైన్ (ఒక తరంగదైర్ఘ్యం దగ్గర మెరిసే గీత) నాకు దొరికిందని ఆ మధ్య రెండు రోజులు గాల్లో తేలాను, అది చెప్పాలంటే ముందు మేం చేసే పనేంటో చెప్పాలి.

ఈబిట్ అని ఒక మెషీన్ ఉంటుంది, ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్ అన్నమాట, 1980ల్లో లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టింది. వెంట్రుకంత సన్నటి ఎలక్ట్రాన్ బీమ్, చుట్టూ సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్, మధ్యలో చిక్కిన ఆటమ్‌కి ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా ఊడిపోతుంటాయి. టంగ్‌స్టన్‌కి ఉన్నవి 74, అందులో 45 పోతే 29 మిగులుతాయి, అంటే రాగికి ఉన్నన్ని, అందుకే దీన్ని కాపర్‌లైక్ అంటారు. ఇది 6.2 నానోమీటర్ల దగ్గర గట్టిగా వెలుగుతుంది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ ఫ్యూజన్ రియాక్టర్ లోపలి గోడలకి టంగ్‌స్టనే, దాన్నుంచి రాలిన ఆటమ్స్ ప్లాస్మాలోకి (లోపల మండిపోతుండే చార్జ్ ఉన్న వాయువులోకి) వెళ్లి ఎనర్జీ అంతా వెలుగు రూపంలో బయటికి పోనిస్తాయి కాబట్టి, ఏ లైన్ ఏ అయాన్‌దో తెలియాలి.

ఈ వెలుగుతో తంటా ఏంటంటే గాలి మింగేస్తుంది, గాజు మింగేస్తుంది, అద్దం మీద తిన్నగా పడితే అదీ మింగేస్తుంది. అందుకే అంతా వాక్యూమ్‌లోనే, గ్రేటింగ్ (వెలుగుని విడదీసే సన్నటి గీతల పలక) మీద కూడా చెరువులో రాయితో కప్పగంతులు వేయించినట్టు బాగా ఏటవాలుగా విసరాలి. సీసీడీ (ఆ వెలుగుని పట్టే కెమెరా చిప్) మీద కాస్మిక్ కిరణాల చుక్కలు పడతాయి, అవి ఏరిపారేయడం బోర్ పని, వదిలేద్దాం.

అసలు పని లైన్ ఎవరిదో తేల్చడం. బీమ్ ఎనర్జీ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాం, సుమారు 2.35 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటాకే కాపర్‌లైక్ తయారవుతుంది, 2.41 దాటాక ఇంకో ఎలక్ట్రాన్ కూడా ఊడిపోవడం మొదలై మెల్లగా సన్నగిల్లుతుంది. (మీటర్ మీద కనబడే ఎనర్జీని నమ్మకూడదు, బీమ్‌లోని ఎలక్ట్రాన్ల చార్జ్ వల్లే అసలుది కాస్త తగ్గుతుంది.) తరంగదైర్ఘ్యాల స్కేల్ సరిచూసుకోడానికి నియాన్ వదులుతాం, దాని 8.8 నానోమీటర్ల దగ్గరి లైన్లు బాగా తెలిసినవే.

నా లైన్ 12.47 నానోమీటర్ల దగ్గర కనబడింది, టేబుల్స్‌లో ఎక్కడా లేదు, ఎనర్జీ స్కాన్ చేస్తే అచ్చం కాపర్‌లైక్ లాగే పుట్టింది, అలాగే తగ్గింది, ఇంకేం కావాలి అనుకున్నా. మూడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే తట్టింది, 12.47లో సగం ఎంత? గ్రేటింగ్ అదే 6.23ని సెకండ్ ఆర్డర్‌లో, అంటే రెట్టింపు తరంగదైర్ఘ్యం ఉండాల్సిన చోట, ఇంకోసారి చూపించింది, అంతే! స్కాన్ అబద్ధం చెప్పలేదు పాపం, అయాన్ అదే మరి, నేను అడిగిన ప్రశ్నే తప్పు.

సిగ్గేసింది గానీ ఆ డేటా పారేయలేదు. సెకండ్ ఆర్డర్‌లో లైన్లు దాదాపు రెండింతలు విడివిడిగా పడతాయి, అందుకని దాని పొజిషన్‌ని రెండుతో భాగిస్తే వచ్చిన విలువలో ఎర్రర్ ఫస్ట్ ఆర్డర్‌లో కొలిచినదాని కన్నా తక్కువే ఉంది. లాగ్‌బుక్‌లో ‘కొత్త లైన్!!’ అని రాసిన చోట కొట్టేసి పక్కన ‘÷2’ అని పెట్టి, చివరికి ఆ విలువే వాడా.