వెంట్రుకలకు ముందే తెలుస్తుంది

పాట వింటే ఒళ్ళు పులకరిస్తుందని అందరూ అంటారు గానీ, అది ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో చోటు చెప్తారు. నాకు మెడ వెనక, జడ మొదట్లో జివ్వుమని మొదలై భుజాల మీదుగా మోచేతుల దాకా దిగుతుంది. మా వదినకు వెన్నులో. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయికైతే గొంతు పూడుకుపోయి నేరుగా కళ్ళలో నీళ్ళే, అదీ ఏడుపు పాటలకు కాదు, పెళ్ళి బ్యాండ్ వింటే. పెళ్ళికి పోవాలంటేనే దానికి టెన్షన్, అందరూ ఏమైంది ఏమైంది అని చుట్టూ చేరతారని.

నాకనిపించేది ఏందంటే, ఈ పులకరింత పాటలో కన్నా పాట కోసం మనం చూసే ఎదురుచూపులోనే ఎక్కువుంది.

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర చూడండి. మైకుల్లో మోగే రికార్డుల సంగతి కాదు నేను చెప్పేది. ఓ మూలకు పెద్ద వయసు ఆడవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే పాడుకుంటూ తిరిగే గుంపు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, అక్కడికి పోయి నిలబడాలి. ఒకామె వరుస ఎత్తుకుంటుంది, చివర్న మిగతా అందరూ ఉయ్యాలో అని అందుకుంటారు. బాణీ చూస్తే చిన్నదే, గంటసేపు అదే తిరుగుతుంటుంది. కానీ ఆమె వరుస అయిపోవచ్చి ఊపిరి తీసుకుంటుంది చూశారా, అందరి నడుములు వంగి ఉంటాయి, చప్పట్లకు చేతులు దగ్గరికొస్తుంటాయి, గొంతులు ఇంకా లేవవు, సరిగ్గా అక్కడే నాకు రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఉయ్యాలో వినిపించే సరికి సగం పని అయిపోయి ఉంటుంది. ఓసారి వదిన నా చెయ్యి చూసి "ఏమాయెనే, సలి పెడ్తున్నదా?" అన్నది. చుట్టూ ఊపిరాడని జనం, మెడ మీద చెమట, సలెక్కడిది?

కెనడాలో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్ళు దీన్నే పట్టి చూశారు. వలోరీ సలీంపూర్, రాబర్ట్ జటోర్, వాళ్ళతో ఇంకొందరు కలిసి 2011లో అచ్చువేసిన పరిశోధన అది. ఏ సంగీతానికి తమకు ఒళ్ళు జలదరిస్తుందో దాన్నే ఎవరికి వాళ్ళను తెచ్చుకోమన్నారు, అది వినిపిస్తూ మెదడుకు స్కాన్ తీశారు. మనసుకు హాయి కలిగినప్పుడు మెదడులో పనిచేసే డోపమైన్ అనే రసాయనం రెండు చోట్ల కనిపించింది. పులకరింత వచ్చిన క్షణంలో ఒక భాగంలో, అది రాబోతున్నదని తెలిసిన ముందరి క్షణాల్లో వేరే భాగంలో. అంటే ఎదురుచూపుకు దాని లెక్క దానికి ఉంది. వందసార్లు విన్న పాట కూడా ఎందుకు పాతబడదో నాకు దీంతో కొంత అర్థమైంది. ఎక్కడ ఏం వస్తుందో తెలియని పాట కోసం ఎట్లా ఎదురుచూస్తాం?

ఇంక వెంట్రుకలు లేవడమంటే, ఒక్కో వెంట్రుక కుదురు దగ్గర ఒక చిన్న కండరం ఉంటుంది, అది బిగుసుకుంటే వెంట్రుక లేస్తుంది. సలికీ భయానికీ పనిచేసేది కూడా అదే. మనం లెమ్మంటే లేవదు, ఆగమంటే ఆగదు. మనసు కదిలితే ఒంటి మీద బయటపడే ఇట్లాంటి గుర్తులనే నాట్యశాస్త్రంలో భరతుడు సాత్త్విక భావాలని ఎనిమిది చెప్పాడు, రోమాంచం, కన్నీళ్ళు, వణుకు, గొంతు మారిపోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఈ మాట మా ఆఫీసు అమ్మాయికి చెప్తే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, నాకు మూడున్నాయి అన్నది, అదేదో అవార్డు వచ్చినట్టు.

చప్పుడు పెద్దగా ఉంటే చాలనుకునేవాళ్ళతో మాత్రం నాకు పడదు. బరాత్‌లో డీజే బాక్సుల ముందు నిలబడితే పక్కటెముకలు అదురుతాయి, ఇంటి కిటికీలు కూడా అదురుతాయి, దాన్ని పులకరింత అనలేం కదా. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు వినండి, దరువు మెల్లగా మొదలై ముదురుతుంటే శివసత్తుల, అంటే దేవుడు పూనుతాడనే ఆడవాళ్ళ, అడుగు ఎట్లా మారుతుందో చూడండి. అది పూనకమా ఇంకొకటా అని వాదించను, పక్కన ఊరికే నిలబడ్డ నా కాలు కూడా నన్నడగకుండానే కదులుతుంటుంది.

అన్నీ హాయిగానే ఉంటాయని కాదు. మా ఊళ్ళో పెళ్ళికీ డప్పే, జాతరకూ డప్పే, చావుకూ డప్పే, మారేది దరువు ఒక్కటే. మా బాపమ్మ పోయినప్పుడు వాకిట్లో గడ్డి మంట వేసి డప్పులు కాస్తున్నారు. మధ్యమధ్య ఒకాయన వేళ్ళతో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకా కాలేదని మళ్ళీ మంట మీద తిప్పుతున్నాడు. అప్పటిదాకా నాకు ఏడుపే రాలేదు, వచ్చినవాళ్ళకు చాయ్‌లు అందిస్తూ తిరుగుతున్నా. పాడె లేపి మొదటి దెబ్బ పడంగనే కడుపులో ఏదో జారిపోయినట్టయి గేటు పట్టుకుని కూర్చున్నా. ఇప్పటికీ ఏ సందులోనైనా ఆ దరువు వినపడితే, పోయింది ఎవరో కూడా తెలియదు, కడుపు మాత్రం అట్లనే జారుతుంది. వేడుక దరువు అదే డప్పు మీద మోగితే ఏమీ కాదు.

అయితే అందరికీ ఇట్లా అవుతుందని అనుకోవద్దు. మా బావకు ఏ పాటా ఏమీ చెయ్యదు. చెవులు బాగానే వినపడతాయి, ఏ పాటనైనా పోలుస్తాడు, ఎవరైనా శ్రుతి తప్పితే చెప్తాడు కూడా, కానీ కారులో పాట పెడితే రెండు నిమిషాలకు "ఇగ బంజేయరాదే" అంటాడు. రాతి గుండె మనిషని మా ఇంట్లో ఆయనకు పేరు. నేనొప్పుకోను. బార్సిలోనాలో ఇట్లాంటివాళ్ళ మీదనే చేసిన పరిశోధన ఒకటి 2014లో వచ్చింది. సంగీతం వినిపిస్తే వాళ్ళ గుండె వేగంలో, చెమటలో పెద్దగా మార్పే లేదు. అదే డబ్బు గెలిచే ఆట పెడితే మాత్రం అందరిలాగే ఒళ్ళంతా హుషారైంది. ఇది చదివి వినిపిస్తే వదిన ఒకటే నవ్వు. బావ ఒళ్ళు తెలియకుండా ఎదురుచూసే పాట ఒక్కటుంది మరి, నెలనెలా వచ్చే చిట్టీ పాట, ఆ రోజు పొద్దున్నించి ఆయన కాలు ఒక చోట నిలవదు.