మళ్లీ కొండకు నడిచే ముందు

గుంటూరు నుంచి తిరుమలకు ఒకసారి కాలినడకన వెళ్లివచ్చినవారికి రెండోసారి ప్రయాణం తేలికగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నా విషయంలో అలా జరగలేదు. మాఘమాసంలో రథసప్తమి నాటికి కొండ మీద ఉండేలా మా బృందం మళ్లీ బయలుదేరుతున్నదని తెలిసిన రోజున అందరికన్నా ముందు పేరు రాయించుకున్నదాన్ని నేనే, ఆ రాత్రి కంటిమీద కునుకు లేనిదీ నాకే. సుమారు 370 కిలోమీటర్ల దారి. రోజుకు పాతిక కిలోమీటర్ల చొప్పున, మధ్యలో ఆగే రోజులు కూడా కలుపుకుంటే రెండు వారాలు దాటుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు ఏమీ తెలియకపోవడమే నాకు పెద్ద బలం. చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి అని మా బృందం పెద్ద దారిలోని ఊళ్లు చదివి వినిపిస్తుంటే రైలు స్టేషన్ల పేర్లు విన్నట్టే విన్నాను. ఇప్పుడు అదే వరుస వింటుంటే ఒళ్లు ఒక్కో ఊరి దగ్గరా ఉలిక్కిపడుతున్నది. ఒంగోలు బైపాస్ అనగానే నీడ లేని ఆ తారు రోడ్డు మీద పదకొండు గంటల ఎండ, కావలి అనగానే కుడి మడమ కింద లేచిన పొక్కు, గూడూరు దాటాక అనగానే చీకట్లో పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు చీర కుచ్చెళ్లు ఒక్కసారిగా కాళ్లకు చుట్టుకుపోయిన ఆ క్షణం గుర్తుకు వస్తున్నాయి. నాటి భయం ఫలానా అని చెప్పలేనిది, నేటి భయానికి ఊళ్ల పేర్లున్నాయి.

ఇంట్లో కూర్చుని తలచుకునేకొద్దీ అది పెరుగుతుందే తప్ప తగ్గదని తోచి, బయలుదేరే లోపల ఒక పూర్తి రోజు నడిచి చూద్దామని నిశ్చయించుకున్నాను. గుంటూరు నుంచి విజయవాడ కనకదుర్గమ్మ పాదాల దాకా 35 కిలోమీటర్ల పైచిలుకు. బృందం రోజుకు నడిచేదానికన్నా ఇది ఎక్కువే. మార్గశిర మాసం, భవానీ దీక్షల విరమణ రోజులు కావడం వల్ల దారి పొడుగునా తోడు ఉంటుందన్న ధైర్యం కూడా ఒకటి. మా ఆడపడుచు ఈసారి కొత్తగా బృందంలో చేరింది, ఆమె కూడా వస్తానన్నది. మావారికి ఇష్టం లేకపోయినా మంగళగిరి దాకా ఫోన్ ఎత్తుతూ ఉండాలన్న షరతు మీద ఒప్పుకున్నారు.

బ్రాడీపేటలో తెల్లవారుజామున మూడు గంటలకు లేచి, మొట్టమొదట కాళ్ల పని పెట్టుకున్నాను. నడక యాత్రలో దేవుడి పటం తరువాత అంత శ్రద్ధగా చూసుకోవలసినవి పాదాలేనని నా నమ్మకం. గోళ్లు రెండు రోజుల ముందే అడ్డంగా, తిన్నగా కత్తిరించుకోవాలి, అంచులు గుండ్రంగా తీస్తే వేలి కండలోకి దిగుతాయి. చిటికెన వేలికీ, బొటనవేలి పక్కనున్న ఎముకకూ, మడమ వెనక భాగానికీ మెడికల్ షాపులో దొరికే కాగితపు టేపును ముడత లేకుండా అంటించాను. ముడత పడితే ఆ ముడతే పది కిలోమీటర్లు తిరిగేసరికి పొక్కవుతుంది. వేళ్ల సందుల్లో వాజలైన్ పలచగా రాసి, దాని మీద నూలు మేజోళ్లు తొడిగి, అప్పటికే కొన్ని నెలలుగా వాడుతున్న బూట్లు వేసుకున్నాను. యాత్ర కోసమని కొత్త బూట్లు కొనుక్కుని ఆ రోజే వేసుకువచ్చినవారు పోయినసారి చిలకలూరిపేటలోనే వాటిని బండిలో పడేసి రబ్బరు చెప్పులతో నడిచారు. ఇదంతా చేస్తుంటే మా ఆడపడుచు పక్కన కూర్చుని, పరీక్షకు పోయే పిల్లలా చూసి చూసి తనూ అలాగే చేసుకున్నది.

ఊరు దాటి జాతీయ రహదారి సర్వీసు రోడ్డు ఎక్కేసరికి ముందూ వెనకా ఎర్ర బట్టల భవానీలు కనిపించారు. నరసరావుపేట, చిలకలూరిపేట వైపు పల్లెల నుంచి తలమీద ఇరుముడితో వస్తున్నవారు చాలామంది. వాళ్లలో ఎక్కువమందికి చెప్పులు లేవు. మండల దీక్ష పట్టిన నలభై ఒక్క రోజులూ వట్టి కాళ్లతోనే తిరిగి ఉండటం వల్ల వాళ్ల అరికాళ్లు రోడ్డుకు అలవాటు పడిపోయాయి. బాలింతరాలిలా నా పాదాలకు నేను చేసుకున్న జాగ్రత్తలు తలచుకుని కాసేపు మనసు చిన్నబోయింది గాని, ఎవరి శరీరం ఎవరిదో ఎరిగి నడవడమూ ఆ స్వామికి అపచారం కాదని సర్దుకున్నాను. పెదకాకాని దగ్గర మల్లేశ్వరస్వామి గుడి వైపు తిరిగి చేతులెత్తి మొక్కి, ఆగకుండా సాగిపోయాం. మొదటి గంటన్నర ఒళ్లు వేడెక్కక ముందు ఆగితే మళ్లీ కదలడం కష్టం.

నాగార్జున విశ్వవిద్యాలయం దాటి కాజ టోల్‌గేట్ వైపు నడుస్తున్నప్పుడు తూర్పు తెల్లబారింది. అప్పుడు మా ఆడపడుచు అడిగింది, "వదినా, మీరు ఒకసారి నడిచి వచ్చారు కదా, దారి తెలుసు, మనుషులు తెలుసు. మీకెందుకు ఇంత భయం? నాకైతే ఎప్పుడు బయలుదేరుతామా అని ఉంది."

ఆమెకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముందుగా నోటికి వచ్చినవి పైపై కారణాలే. ఆడవాళ్లకు రహదారి మీద అన్నిటికన్నా పెద్ద కష్టం మరుగుదొడ్డి. పెట్రోలు బంకుల్లో ఉన్నవి కొన్నిచోట్ల శుభ్రంగా ఉంటాయి, కొన్నిచోట్ల తాళం వేసి ఉంటాయి. అందుకని చాలామంది ఆడవాళ్లు నీళ్లు తాగడం తగ్గించుకుంటారు, ఎండలో అది ప్రమాదం. పోయినసారి ఒకామె అలాగే సింగరాయకొండ దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. బృందంలో మన సామాను, వంట పాత్రలు, నీళ్ల డబ్బాలు టాటా ఏస్ బండిలో ముందు పోతాయి కాబట్టి, ఆ బండి డ్రైవరుకు ఏ బంకు దగ్గర ఆగాలో ముందే చెప్పి పెట్టుకోవాలని ఆమెకు వివరించాను. రాత్రి పడక ఒకరోజు గుడి సత్రంలో, ఒకరోజు కల్యాణ మండపంలో, ఒకరోజు బడి వరండాలో. పడుకున్నచోట నిద్ర పట్టకపోతే మర్నాడు నడక కాదు, ఈడ్పు.

ఇవన్నీ చెప్పాక కూడా అసలు సంగతి గొంతులోనే ఉండిపోయింది. మరికొంత దూరం నడిచాక చెప్పాను. పోయినసారి శ్రీకాళహస్తి దాటి రేణిగుంట వైపు వస్తుండగా ఎవరో ముందు నుంచి "గోవిందా" అని అరిచారు. తలెత్తి చూస్తే ఎదురుగా కొండల వరుస. అన్ని రోజుల నొప్పీ, అలసటా ఏమైపోయాయో తెలియదు, రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. నా జీవితంలో అంత నిండుగా ఉన్న ఘడియ మరొకటి లేదు. ఇప్పుడు మళ్లీ అక్కడికి వెళ్లి, అవే కొండలు చూసి, ఏమీ కలగకపోతే? కళ్లు పొడిగా ఉండిపోతే? పొక్కులకు మందుంది, ఎండకు గొడుగుంది, దీనికి నేను తెచ్చుకోగలిగిన సామాను ఏమీ లేదు.

మా ఆడపడుచు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను చూస్తాను కదా వదినా, మొదటిసారి. మీరు నన్ను చూడండి" అన్నది. ఆ మాట నాకు ఊరట ఇచ్చిందని చెప్పలేను గాని, అప్పటినుంచి నడక కొంచెం కుదురుకున్నది.

ఎనిమిదిన్నరకు మంగళగిరి చేరాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించిన గాలిగోపురం దూరం నుంచే కనిపిస్తూ, ఎంత నడిచినా దగ్గర కానట్టు అనిపిస్తుంది. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. గోపురం ఎదుట అరుగు మీద కూర్చుని మేజోళ్లు విప్పి చూసుకున్నాను. ఎడమ చిటికెన వేలి పక్కన మాత్రం ఒక చిన్న ఎర్రటి మచ్చ, ముట్టుకుంటే వేడిగా ఉంది. పొక్కు లేవబోయే ముందు చర్మం ఇలాగే చెబుతుంది. టేపు తీసి, తుడిచి, గాలి తగలనిచ్చి, మళ్లీ కొత్తది వేశాను. ఆ ఒక్క పని మీద పావుగంట పట్టింది, దానికి విసుక్కున్నవారే కావలి దగ్గర కుంటుతారు.

పానకాల స్వామి కొండ మెట్లు ఎక్కాలన్నది నా పట్టుదల. ఇరవై కిలోమీటర్లు నడిచిన కాళ్లతో మెట్లు ఎక్కితే మోకాళ్లు ఏమంటాయో తెలుసుకోవాలి. అలిపిరి దారిలో 3550 మెట్లు రెండు వారాల నడక తరువాతే ఎదురవుతాయి. అందులో చివరికి వచ్చే మోకాళ్ల మెట్టు దగ్గర మనిషి ఉన్న ఓపికంతా చెల్లిపోతుంది. బాలుడైన అన్నమయ్య కూడా అక్కడే అలసి సొమ్మసిల్లితే అలమేలుమంగమ్మ కలలో కనిపించి, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందని పెద్దలు చెప్పే కథ. ఆ దారిలో 2023 ఆగస్టులో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయినప్పటి నుంచి మా ఇంట్లో కొండ మెట్ల మాటెత్తితే చాలు ముఖాలు మారిపోతాయి. దేవస్థానంవారు ఆ తరువాత పిల్లలను మధ్యాహ్నం దాటాక ఆ దారిన పంపకుండా కట్టడి చేశారు, భక్తులకు కర్రలు ఇచ్చారు, గుంపులుగా నడవమన్నారు. మా బృందం కూడా ఈసారి తెల్లవారాకనే అలిపిరిలో మెట్టు ఎక్కాలని నిర్ణయించుకున్నది. ఆ మాట విన్నాక మావారి మనసు కొంత నెమ్మదించింది.

పానకాల స్వామి దగ్గర పూజారి శంఖంతో పానకం స్వామి నోట్లో పోస్తుంటే గుటకలు వేసినట్టు చప్పుడు వినిపిస్తుంది. సగం అయ్యేసరికి ఆ చప్పుడు ఆగుతుంది. మిగతా సగం మనకు ప్రసాదం. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నా ఆ చప్పుడు ఆగే క్షణంలో ఒళ్లు జలదరిస్తుంది. ఆ బెల్లం నీళ్లు గొంతు దిగుతుంటే, ఎన్నిసార్లు చేసినా పాతబడని పని ఒకటి ఉంటుందని నాకు నేను చెప్పుకోవడానికి ఒక ఆధారం దొరికింది. మోకాళ్లు ఎక్కేటప్పుడు ఊరుకున్నాయి, దిగేటప్పుడే కుడి మోకాలు పోటెత్తింది. దిగడానికి కర్ర కావాలని అర్థమైంది.

మధ్యాహ్నం సత్రం నీడలో పడుకుని, మూడు గంటలకు మళ్లీ బయలుదేరాం. మిగిలిన దారి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తాడేపల్లి, సీతానగరం, ఎండ, దుమ్ము, జంక్షన్ల దగ్గర భవానీలకు మజ్జిగ పోస్తున్న పిల్లలు. సూర్యాస్తమయానికి ప్రకాశం బ్యారేజీ ఎక్కాం. 1957 నుంచి వాడుకలో ఉన్న ఆ బ్యారేజీ 1223 మీటర్ల పైన పొడవు, డెబ్భై తలుపులు. కారులో దాటినప్పుడు రెండు నిమిషాల పని. నొప్పిపుట్టిన కాళ్లతో నడుస్తుంటే ఒక్కో స్తంభం ఒక్కో మజిలీ. ఎడమ చేతి వైపు నిండుగా కృష్ణమ్మ, ఎదురుగా ఇంద్రకీలాద్రి మీద దీపాలు. పక్కనున్న భవానీలు అమ్మవారి కొండ కనిపించగానే "జై భవానీ" అని గొంతెత్తారు. నా గొంతు కూడా కలిసింది, కళ్లు చెమర్చాయి. ఎన్నోసార్లు చూసిన కొండే అది.

దర్శనం క్యూ ఆ రాత్రికి తెమలదని తెలిసి, కింద నుంచే మొక్కుకుని, వన్‌టౌన్‌లో ఉన్న పిన్నిగారి ఇంటికి వెళ్లాం. పోయినసారి గూడూరు నుంచి తిరుపతి దాకా నా పక్కన నడిచింది ఆవిడే. రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది, ఈసారి రాలేరు. లోపలికి రాగానే కుశల ప్రశ్నలు కూడా అడగకుండా, "అమ్మాయ్, ముందు కాళ్లు చూపించు" అన్నారు. చిటికెన వేలు చూసి, "ఇది నాలుగో రోజుకు తిరగబెడుతుంది, బూటు అక్కడ బిగుతుగా ఉంది, లేసు రెండు కన్నాలు వదిలి కట్టుకో" అన్నారు. నా భయం సంగతి ఆవిడతోనూ చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "పోయినసారి నువ్వు ఏడ్చావు, నేను ఏడవలేదు. నాకు అక్కడ ఏమీ అనిపించలేదు, తిరుమల మెట్ల దారిలో గాలిగోపురం దాటాక మాత్రం నవ్వు ఆగలేదు. ఎక్కడ ఇస్తాడో ఆయన ఇష్టం" అన్నారు. ఇన్నాళ్లూ ఆ రోజు ఇద్దరం కలిసే ఏడ్చామని అనుకుంటున్నాను.

బయలుదేరేటప్పుడు ప్రతి సాయంత్రం ఏ ఊళ్లో ఆగామో ఫోన్ చేసి చెప్పాలని మాట తీసుకున్నారు. మర్నాడు బస్సులో గుంటూరు వచ్చి మా బృందం పెద్దతో మాట్లాడాను. మొదటి మూడు రోజులూ ఇరవై కిలోమీటర్లకు మించకుండా చూడాలని, ఆడవాళ్ల కోసం బండి ఆగే బంకుల పేర్లు ముందే రాసి ఇవ్వాలని అడిగాను. రెండిటికీ ఒప్పుకున్నారు. భయం పోలేదు, కావలి పేరు వింటే ఇప్పటికీ మడమ జిల్లుమంటుంది. సంక్రాంతి వెళ్లాక మంచి రోజు చూసి బయలుదేరుతున్నాం, మోకాలి కర్ర ఒకటి, రెండు మేజోళ్ల జతలు ఇంకా కొనవలసి ఉంది.