20 రూపాయల సీడీలో ఉన్న బ్యాండ్ ఎవరో కనుక్కోడానికి నేను పడ్డ తిప్పలు

ముందే చెప్తున్నా, కోపం ఇంకా పూర్తిగా దిగలేదు. మొన్న ఆదివారం ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కెలుకుతుంటే ఒక అట్టపెట్టెలో విడి సీడీలు కనపడ్డాయి, ఎవరో ఇంట్లో రైట్ చేసుకున్నవి. ఒకదాని మీద నల్ల మార్కర్‌తో మెటాలికా అని రాసుంది, అదే, అమెరికా హెవీ మెటల్ రాక్ బ్యాండ్, ఆ స్పెల్లింగు కూడా తప్పే. 20 రూపాయలిచ్చి జేబులో వేసుకున్నా.

సీడీ డ్రైవ్ బావమరిది పాత డెస్క్‌టాప్‌లో దొరికింది, అది పెద్ద పనేం కాలేదు. 11 ట్రాకులు, 39 నిమిషాలు, పేర్లు లేవు, ట్రాక్ 01, ట్రాక్ 02, అంతే. ప్లే కొట్టా. మెటాలికా కాదని రెండో సెకనుకే తెలిసిపోయింది. 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ల షో చూసొచ్చినోణ్ణి, ఆ మాత్రం నాకు తెలీదా. ఇదేదో వేరే జంతువు. గిటార్ ఒక సందులోకి దూరి, అక్కణ్ణుంచి ఇంకో సందులోకి తిరిగి, మళ్లీ మొదటికి వస్తుందనుకుంటే రాదు. ఆ గొంతయితే మనిషిదో కాదో అర్థం కాలేదు, బోరుబావి అడుగున ఎవరో గొణుగుతున్నట్టుంది, ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. మూడుసార్లు విన్నా. బావమరిది రెండో పాటకే తలుపేసుకుని వెళ్లిపోయాడు.

పాట గుర్తుపట్టే యాప్ పెట్టా, దొరకలేదంది. డెస్క్‌టాప్ ఫ్యాన్ గోలలో దానికి మాత్రం ఏం వినపడుద్ది.

అప్పుడు చేశా అసలు తెలివితక్కువ పని. మెటల్ తెలిసినవాళ్లుంటారు కదా అని ఒక గిటార్ల షాపుకి వెళ్లా, పేరు చెప్పను. కౌంటర్లో నల్ల టీషర్ట్ కుర్రాడు, చేతినిండా టాటూలు, చూడగానే మనోడే అనిపించింది. రికార్డ్ చేసుకున్న క్లిప్ వినిపిద్దామని ఫోన్ తీస్తే చచ్చిపోయుంది. ఛార్జర్ అడిగితే "కస్టమర్లకి ఇవ్వం అంకుల్" అన్నాడు. అంకుల్! నాకు 41. సరే ఎలా ఉంటుందో చెప్పండి అన్నాడు, నేను నోటితో చెప్పలేక, ఇంతదూరం వచ్చాం కదా అని గొంతు కిందికి దించి చేసి చూపించా. ఒకసారి కాదు, "అర్థం కాలేదు, ఇంకోసారి" అంటే రెండోసారి కూడా చేశా. ఇప్పుడు తల్చుకుంటే వాడికి మొదటిసారే అర్థమైందని అనిపిస్తుంది.

వెనకాల ఒకావిడ కొడుక్కి కీబోర్డ్ కొనడానికి వచ్చి నిలబడుంది, నేను చూసుకోలేదు. రెండోసారి అయ్యాక చాలా సీరియస్‌గా, "అన్నయ్యగారూ, తేన్పులు మరీ అలా వస్తుంటే అశ్రద్ధ చెయ్యకండి, కాస్త వాము నమలండి" అంది. షాపు మొత్తం నవ్వు. ఆ పిల్లాడు కూడా. కుర్రాడు నవ్వాపుకుని నాకు పాఠం మొదలెట్టాడు, అలాంటి గొంతు ఉండదు అంకుల్, ఎవరో కంప్యూటర్లో స్పీడ్ తగ్గించి ఆటపట్టించడానికి చేసుంటారు, మీరు మెటాలికా దగ్గరే ఆగిపోయారు అని. వచ్చేటప్పుడు మర్యాదకి గిటార్ తీగలు మీటే పిక్కులు రెండు కొన్నా, నాకు గిటార్ రాదు. ఇలాంటి షాపులకి వెళ్లేవాళ్లకి నా సలహా ఒకటే, ఫోన్ ఫుల్ ఛార్జ్ పెట్టుకుని వెళ్లండి, టాటూలు చూసి నమ్మకండి.

మెట్రోలో కూర్చున్నా ఆవిడ మాటే చెవిలో తిరుగుతోంది. తేన్పులు. ఇంటికెళ్లి ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి, గూగుల్లో బర్ప్ వోకల్స్ డెత్ మెటల్ అని కొట్టా, బర్ప్ అంటే తేన్పు, డెత్ మెటల్ అంటే మెటల్‌లో ఇలా గొంతు దించి పాడే రకం. మొదటి పేజీలోనే ఉంది! డెమిలిచ్. ఫిన్లాండ్‌లో కుఓపియో అనే ఊరి బ్యాండ్, 1990లో మొదలెట్టారు, నాలుగు డెమోల (ఆల్బమ్‌కి ముందు చేసుకునే ట్రయల్ రికార్డింగుల) తర్వాత 1993లో నెస్పితే అనే ఆల్బమ్ తెచ్చారు, ఫుల్ ఆల్బమ్ అంటే వాళ్లకి అదొక్కటే. పాడింది ఆంట్టి బోమన్, గిటార్ కూడా ఆయనే వాయిస్తూ. పాట పెట్టుకుని సీడీతో సరిచూసుకున్నా, అదే, అక్షరం తేడా లేదు. ఇంకో సంగతి, గొంతుకి ఎలాంటి ఎఫెక్టులూ వాడలేదని ఆల్బమ్‌లోనే వేసుకున్నారు వాళ్లు. ఒట్టి గొంతు, అంతే! పాఠం చెప్పిన మహానుభావుడికి ఇది ప్రింట్ తీసి పంపాలనుంది.

తర్వాత రోజుల్లో బ్యాండ్ వాళ్లే తమ సైట్లో ఈ పాటలన్నీ ఫ్రీగా డౌన్‌లోడ్‌కి పెట్టేశారట. అంటే ఆ సీడీ రైట్ చేసిన ఆయన దొంగతనమే చేసుండక్కర్లేదు, కాకపోతే మెటాలికా అని ఎందుకు రాశాడో వాడికే తెలియాలి. 2014లో స్వార్ట్ రికార్డ్స్ అనే మ్యూజిక్ కంపెనీ డెమోలతో కలిపి మొత్తం ఒక సెట్‌గా వేసింది, అదీ చూశా, రేటు చూసి ట్యాబ్ మూసేశా.

నిన్న రాత్రి మార్కర్ తీసుకుని మెటాలికా కొట్టేసి సరైన పేరు రాశా. పాటల పేర్లు కూడా రాద్దామని కూర్చున్నా. మొదటిది 'వెన్ ద సన్ డ్రాంక్ ద వెయిట్ ఆఫ్ వాటర్', సూర్యుడు నీళ్ల బరువు తాగినప్పుడట, అదెలాగో సీడీ మీద పట్టింది. రెండోది పదహారో ఆరుపళ్ల కొడుకు గురించి, ఇంకా చాలా ఉంది, సగం రాసేసరికి సీడీ చుట్టూ తిరిగొచ్చి మొదటి పాట పేరుని గుద్దుకుంది. మిగతా తొమ్మిది బావమరిది కరెంటు బిల్లు వెనకాల రాసిపెట్టా.